దండ కింద నలిగిన మాట

1953 సెప్టెంబర్ 2. రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ నడుస్తోంది. మద్రాసు నుంచి విడిపోయి తెలుగువాళ్ళకంటూ ఒక రాష్ట్రం రావడానికి ఇంకా నెల కూడా లేదు. ఆ రోజు మాట్లాడినవాళ్ళలో బి.ఆర్. అంబేడ్కర్ ఒకరు. భాష పేరుతో రాష్ట్రం ఏర్పడితే సంఖ్యాబలం, భూమి బలం ఉన్న కులాలు మిగతావాళ్ళ మీద పెత్తనం చేస్తాయనీ, చిన్న సమూహాల రక్షణ కోసం గవర్నరుకు కొన్ని అధికారాలు ఉండాలనీ ఆయన వాదన. రాజ్యాంగం రాసింది మీరే కదా అని అడ్డుతగిలారు కొందరు. తాను చేయమన్నది చేసిన రాతగాణ్ణి మాత్రమేననీ, చాలావరకు తన ఇష్టానికి విరుద్ధంగానే చేశాననీ జవాబిచ్చారు. దాన్ని తగలబెట్టే మొదటి మనిషి నేనే అవుతానని కూడా అన్నారు. 1955 మార్చిలో ఒక సభ్యుడు ఆ మాట గుర్తుచేసి సంజాయిషీ అడిగితే, దేవుడి కోసం కట్టిన గుడిలో దేవుడి కంటే ముందు దయ్యం దూరి కూర్చుంటే ఆ గుడిని కూల్చక ఏం చేయాలి అన్నారు.

పెద్ద కులాల పెత్తనం గురించిన ఆ మాట, మన రాష్ట్రం పుట్టిన చర్చలో, మన గురించి అన్నదే. 1955లోనే భాషారాష్ట్రాల మీద రాసిన చిన్న పుస్తకంలో ఆంధ్రను ఉదాహరణగా తీసుకుని, ఇక్కడి రెండు మూడు పెద్ద కులాలను పేరుపెట్టి మరీ చెప్పారు. భూములు వాళ్ళవే, ఉద్యోగాలు వాళ్ళవే, వ్యాపారాలు వాళ్ళవే, అంటరానివాళ్ళు వాళ్ళ కింద పడి బతుకుతున్నారు అని రాశారు. ఇప్పుడు విజయవాడ నడిబొడ్డున పీఠంతో కలిపి 206 అడుగుల అంబేడ్కర్ ఉన్నారు. హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్ ఉన్నారు. ఏప్రిల్ 14న దండ వేయని పార్టీ లేదు. ఆ దండలు వేసే చేతుల్లో ఎన్ని, ఆయన పేరుపెట్టి చెప్పిన ఆ కొద్ది కులాలవో లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. రాజ్యాంగ నిర్మాత అనే బిరుదు మాత్రం ప్రతి ఉపన్యాసంలోనూ వినిపిస్తుంది. ఆ బిరుదును ఆయనే నిండు సభలో విసిరికొట్టిన సంగతి వినిపించదు.

చరిత్రలో నిప్పులు చెరిగిన మనుషులు జనం జ్ఞాపకంలోకి వచ్చేసరికి ఎందుకు చల్లారిపోతారు? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో చాలా ఆలోచన జరిగింది. మరపు వల్ల ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. మరిచిపోయిన మనిషికి ఈ గతి పట్టదు. ఆయన మాట ఎక్కడో పాత కాగితాల్లో, పదును పోకుండా, దొరికేవాడి కోసం కాచుకుని ఉంటుంది. గుర్తుపెట్టుకున్న మనిషికే ఈ కోత. విగ్రహం, సెలవు రోజు, పాఠం, తపాలా బిళ్ళ, జిల్లా పేరు, సినిమా: జ్ఞాపకం చేసుకునే ప్రతి పద్ధతిలోనూ ఒక కత్తెర దాగి ఉంది. ఆ కత్తెర ఎక్కడ పడుతుందో చూస్తే, ఆ మనిషి గురించి కంటే ఆ జ్ఞాపకం అవసరమైనవాళ్ళ గురించి ఎక్కువ తెలుస్తుంది.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే దీనికి పునాది వేశారు. జ్ఞాపకం ఒక్కడి తలలో ఉండే వస్తువు కాదు, కుటుంబం, మతం, వర్గం అనే చట్రాల్లోనే మనిషి గతాన్ని తలుచుకుంటాడు, వర్తమానం అవసరాలను బట్టి గతం మళ్ళీ మళ్ళీ తయారవుతుంది అన్నారు. నాజీల బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో 1945లో ఆయన చనిపోయారు. హాల్బ్‌వాక్స్ ఈ మాట చెప్పడానికి ఎనిమిదేళ్ళ ముందే, 1917లో, ‘రాజ్యం – విప్లవం’ మొదటి పేజీలోనే లెనిన్ ఇదే విషయాన్ని రాజకీయంగా చెప్పారు. విప్లవకారులు బతికున్నంత కాలం పీడక వర్గాలు వేటాడతాయి, చచ్చాక పూజామందిరంలో పెట్టి, పేరుకు కీర్తి కట్టబెట్టి, సిద్ధాంతంలోని సారాన్ని పిండేస్తాయి అని. 1924 జనవరిలో ఆయన పోయారు. స్మారకాలు కట్టకండి, ఆ డబ్బుతో బడులూ పసిపిల్లల కేంద్రాలూ కట్టండి అని భార్య క్రుప్‌స్కాయా పత్రికాముఖంగా వేడుకున్నారు. ఆయన సొంత పార్టీయే ఆయన శరీరాన్ని మందులతో భద్రపరిచి అద్దాల పెట్టెలో పెట్టింది. కత్తెర ఎప్పుడూ శత్రువు చేతిలోనే ఉంటుందన్న నమ్మకం అక్కడే చెదిరిపోవాలి.

ఈ చర్చ ఎక్కువగా సాగింది అమెరికాలో. అక్కడ అందరూ చెప్పే ఉదాహరణ మార్టిన్ లూథర్ కింగ్. 1966లో గ్యాలప్ సంస్థ అడిగినప్పుడు అమెరికన్లలో 63 శాతం మందికి ఆయన మీద మంచి అభిప్రాయం లేదు. 2011లో అదే సంస్థ అడిగితే 94 శాతం మందికి మంచి అభిప్రాయమే ఉంది. నలభై అయిదేళ్ళలో మారింది కింగ్ కాదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో ఆయన చేసిన ప్రసంగంలో కల గురించి చెప్పిన చివరి భాగం ప్రపంచమంతా ఎరుగుదురు. నల్లవాళ్ళకు అమెరికా ఇచ్చిన హామీ చెల్లని చెక్కు అని అదే ప్రసంగం మొదట్లో ఆయన అన్నది ఎక్కువమంది ఎరగరు. ఆ ప్రదర్శన పేరులోనే ఉద్యోగాలు, స్వేచ్ఛ అని ఉంది. గంటకు రెండు డాలర్ల కనీస వేతనం దాని కోర్కెల్లో ఒకటి.

1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో ఆయన వియత్నాం యుద్ధాన్ని ఖండించారు. లోకంలో హింసను అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేస్తున్నది తన సొంత ప్రభుత్వమేనని అన్నారు. జాత్యహంకారం, యుద్ధోన్మాదం, ధనదాహం మూడూ ఒకదాన్నొకటి అల్లుకున్న రోగాలని చెప్పారు. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయాలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. అప్పటిదాకా మెచ్చుకున్న ఉదారవాదులు తప్పుకున్నారు. ఆ ఏడాదే రాసిన పుస్తకంలో ప్రతి పౌరుడికీ కనీస ఆదాయానికి హామీ ఇవ్వాలని కోరారు. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో చెత్తలారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. కింగ్ వాళ్ళ కోసం ఆ ఊరు వెళ్ళి, అక్కడే ఏప్రిల్ 4న హత్యకు గురయ్యారు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయినవాళ్ళ వార్తలు చదివే మనకు ఆ సమ్మె దూరపు సంగతి కాదు. అయినా మన పిల్లల పుస్తకాల్లోకి వచ్చిన కింగ్ కల కన్న కింగే, చెత్తలారీ పక్కన నిలబడ్డ కింగ్ కాదు.

1983లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో కింగ్ పుట్టినరోజు జాతీయ సెలవు అయింది. తర్వాత ఏళ్ళలో, రిజర్వేషన్లలాంటి చర్యలను వ్యతిరేకించేవాళ్ళు కూడా కింగ్ పేరే ఎత్తారు. రంగు చూడొద్దన్నది ఆయనే కదా అన్నారు. 2018 ఫిబ్రవరిలో ఒక ఫుట్‌బాల్ పోటీ మధ్య, ట్రక్కులు అమ్మే వాణిజ్య ప్రకటన వెనక ఆయన గొంతు వినిపించింది. సరిగ్గా యాభై ఏళ్ళ కిందట చేసిన ప్రసంగం అది. అదే ప్రసంగంలో, ప్రకటనలు మనుషుల గొప్పల కోరికను రెచ్చగొట్టి స్తోమతకు మించిన కార్లు ఎలా కొనిపిస్తాయో కింగ్ విడమరిచి చెప్పారు. ఆ ముక్క కోసేసి మిగతాది వాడుకున్నారు. రివర్‌సైడ్ ప్రసంగం రాయడంలో కింగ్‌కు తోడ్పడిన విన్సెంట్ హార్డింగ్ తర్వాత ఆయన మీద రాసిన పుస్తకానికి ఇబ్బందిపెట్టే వీరుడని పేరు పెట్టారు. ఇబ్బంది పెట్టకపోతే ఆయన కింగ్ కాదని ఆ పేరులోనే ఉంది.

హెలెన్ కెల్లర్‌ది ఇంకో రకం కోత. చూపూ వినికిడీ లేని పిల్ల, బోరింగు కింద చేతి మీద నీళ్ళు పడుతుంటే మాటను కనుగొన్న కథ మన బడి పిల్లలకూ తెలుసు. ఆ పిల్ల పెద్దదై 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. అంధత్వం గురించి చదువుతూ పోతే అది ఫ్యాక్టరీ ప్రమాదాల దగ్గరికి, పేదరికం దగ్గరికి దారితీసిందని రాసింది. 1916లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా సమ్మె చేయమని కార్మికులకు పిలుపునిచ్చింది. అంతకుముందు ఆమెను ఆకాశానికెత్తిన ఒక పత్రిక, ఆమె సోషలిస్టు అయ్యాక, ఆ అభిప్రాయాలు ఆమె అవయవ లోపం వల్ల వచ్చినవని రాసింది. ఆమె కూడా ఘాటుగానే బదులిచ్చింది. 2009లో అమెరికా పార్లమెంటు భవనంలో పెట్టిన కంచు విగ్రహంలో ఆమెకు ఏడేళ్ళు. పక్కన నీళ్ళ పంపు. ఎనభై ఏడేళ్ళు బతికిన మనిషిని ఏడో ఏట ఆపేశారు. పసిపిల్లకు రాజకీయాలు ఉండవు. జేమ్స్ లోవెన్ 1995లో అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకాల మీద రాసిన పుస్తకం కెల్లర్‌తోనే మొదలవుతుంది. పాఠ్యపుస్తకం మనుషుల్ని ‘వీరులుగా మార్చే’ రోగం గురించి ఆయన చెప్పింది మన పుస్తకాలకూ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక్కడిదాకా వచ్చాక ఒక తేలిక నిర్ధారణ ఊరిస్తుంది: సమాజం హింసకు జంకుతుంది కాబట్టి సాత్వికమైన భాగాన్ని ఉంచుకుని తక్కినది కోస్తుంది అని. భగత్‌సింగ్ ఈ నిర్ధారణను నిలవనివ్వడు. అతని విషయంలో సరిగ్గా తలకిందులుగా జరిగింది. తుపాకీని ఉంచుకున్నారు, పుస్తకాన్ని తీసేశారు.

1928 సెప్టెంబర్‌లో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లో కూడిన కుర్రవాళ్ళు తమ సంస్థ పేరులో సోషలిస్టు అనే మాట చేర్చారు. 1929 ఏప్రిల్ 8న శాసనసభలో భగత్‌సింగ్ బాంబు వేసింది కార్మికుల సమ్మె హక్కును కట్టడిచేసే పారిశ్రామిక వివాదాల బిల్లుకూ, ప్రజాభద్రత బిల్లుకూ నిరసనగా. ఆ బిల్లుల పేర్లు ఏ దేశభక్తి పాటలో వినిపిస్తాయి? 1928 జూన్‌లో ‘కిర్తి’ పత్రికలో అంటరానితనం మీద మారుపేరుతో రాసిన వ్యాసంలో, అంటరాని వర్గాలు తమ బలాన్ని తామే గుర్తించి సంఘటితం కావాలని పిలుపునిచ్చాడు. 1930 అక్టోబర్‌లో లాహోర్ జైల్లో ‘నేను నాస్తికుణ్ణెందుకయ్యాను’ రాశాడు. పేరు ప్రతిష్ఠలు తలకెక్కి దేవుణ్ణి కాదంటున్నాడన్న గదర్ వీరుడు బాబా రణధీర్‌సింగ్ మాటకు జవాబది. ఉరికంబం ఎదురుగా ఉన్నప్పుడు కూడా ప్రార్థన చేయను, అది పిరికితనం అవుతుంది అన్నది దాని సారాంశం. అది లాహోర్ ‘ద పీపుల్’లో 1931 సెప్టెంబర్ 27న, అతను పోయిన ఆరు నెలలకు అచ్చయింది. దక్షిణాదిలో దాన్ని ముందుగా అందుకున్నది పెరియార్ ఉద్యమం. ఆ ఉద్యమంలో ఉన్న జీవానందం తమిళంలోకి అనువదించారు, అందుకు జైలుకూ వెళ్ళారు.

1931 ఫిబ్రవరి 2న, ఉరికి ఏడు వారాల ముందు, యువ రాజకీయ కార్యకర్తలకు రాసిన లేఖలో తాను టెర్రరిస్టును కాననీ, ఉద్యమ జీవితం మొదట్లో తప్ప ఎన్నడూ కాననీ, బాంబులతో ఏమీ రాదనీ, రైతులనూ కార్మికులనూ సంఘటితం చేయడమే పని అనీ చెప్పాడు. వాహనాల వెనక అద్దం మీద అతని బొమ్మ వేయించుకునే కుర్రవాళ్ళకు పిస్తోలు పట్టిన, మీసం మెలేసిన భగత్‌సింగ్ కావాలి. పిస్తోలును పక్కనపెట్టి లెనిన్‌నూ మార్క్స్‌నూ చదువుతూ, జైలు నోటుబుక్కులో వాళ్ళ మాటలు రాసుకున్న ఇరవైమూడేళ్ళ కుర్రవాడు వాళ్ళకు పరిచయం కాలేదు. అతనివి నిజమైన ఫోటోలు నాలుగే ఉన్నాయని అతని రచనలను సేకరించిన చమన్‌లాల్ చెబుతారు. అన్నిటికంటే పేరుపడ్డది 1929లో ఢిల్లీ కశ్మీరీ గేట్ స్టూడియోలో టోపీ పెట్టుకుని తీయించుకున్నది. బొమ్మల్లో ఆ టోపీ స్థానంలో పసుపు తలపాగా వచ్చింది. టోపీయా తలపాగానా అన్నది చిన్న గొడవలా కనిపిస్తుంది. కానీ మతాన్ని వదిలేశానని స్వయంగా రాసినవాడి తలమీద మతం గుర్తును తిరిగి పెట్టడం అది. ప్రాణం పోయినా నిలబెట్టుకున్న అభిప్రాయాన్ని అతనికి మాటమాత్రం చెప్పకుండా వెనక్కి తీసుకోవడం.

కాబట్టి కత్తెర పడేది హింస మీదా, అహింస మీదా కాదు. కింగ్ అహింసను ఉంచి ఆయన అడిగిన కనీస ఆదాయాన్ని తీసేశారు. భగత్‌సింగ్ బాంబును ఉంచి అతని నాస్తికత్వాన్ని, సమసమాజాన్ని తీసేశారు. ఆస్తి, కులం, దేవుడు, యుద్ధం: ఇవాళ కూడా బతికి ఉన్న ఏ అధికారాన్ని ఆ మనిషి ముట్టుకున్నాడో అక్కడే కోత పడుతుంది. చచ్చిపోయిన అధికారాన్ని ఎంత తిట్టినా దాన్ని భద్రంగా ఉంచుతారు. తెల్లదొర పోయాడు, అతన్ని ఎన్ని సినిమాల్లోనైనా చంపవచ్చు.

ఈ సూత్రాన్ని మన నేల మీద పరీక్షించడానికి తెలంగాణ సాయుధ పోరాటం కంటే మంచి చోటు లేదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంటను కాజేయడానికి మనుషుల్ని పంపింది విసునూరు దేశ్‌ముఖ్. అతను నిజాం కాదు. ఊళ్ళో గడీలో ఉండే దొర, తెలుగు మాట్లాడే దొర, హిందువే అయిన దొర. ఆమె పంటను ఇంటికి చేర్చింది సంగం, అంటే ఎర్రజెండా నడిపిన ఆంధ్ర మహాసభ. కడివెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది కూడా అదే దొర మనుషులు. వెట్టి చాకిరీ, నాగు అనే ధాన్యపు వడ్డీ, పొలాల నుంచి అక్రమ బేదఖళ్ళు: ఇవన్నీ నిజాం పేరు మీద ఊళ్ళలో దొరలు చేసినవి. పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో 3 వేల గ్రామాల్లో సంగం పాలన నడిచిందనీ, 10 లక్షల ఎకరాలు పంచారనీ, సుమారు 4 వేల మంది ప్రాణాలిచ్చారనీ లెక్క చెప్పారు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా సాగింది, ఈసారి భారత సైన్యంతో. సైన్యం వెనక దొరలు ఊళ్ళకు తిరిగొచ్చారు. పంచిన భూములు చాలాచోట్ల చేయి జారాయి. ఈ మూడేళ్ళను ఏం చేసుకోవాలో మన ప్రజాజ్ఞాపకానికి ఇప్పటికీ తెలియదు. అందుకే ఏటా సెప్టెంబర్ 17కు పేరు దగ్గరే తగువు. ఒకరికి విమోచన, ఇంకొకరికి విలీనం, ఒక ప్రభుత్వానికి సమైక్యతా దినం, మరొక ప్రభుత్వానికి ప్రజాపాలన దినం. ఈ పేర్లన్నిటిలో నిజాం ఉన్నాడు, ఢిల్లీ ఉంది, మతం ఉంది. దొర ఒక్కడే లేడు. ఐలమ్మ వీరనారి అయింది. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. అది సంతోషించదగ్గ సంగతే, నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ విశ్వవిద్యాలయంలో చదివే ఆడపిల్ల ‘వీరనారి’ అనే మాట విన్నప్పుడు ఆమె కళ్ళముందు కత్తి పట్టిన రాణి మెదిలితే మాత్రం, పొలం కోసం కోర్టుకెక్కిన చాకలామె ఓడిపోయినట్టే.

ఈ పోరాటం గురించి మాట్లాడేటప్పుడు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను వదిలేయకూడదు. ఐలమ్మతో సహా ఆ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకమది. దొరల మీద కోపంతో పాటు సొంత కమ్యూనిస్టు పార్టీ మీద బాధ కూడా అందులో ఉంది. అడవుల్లో తుపాకులు మోసిన ఆడవాళ్ళను పోరాటం అయిపోయాక ఇళ్ళకు వెళ్ళి కాపురాలు చేసుకోమన్నారు. పార్టీ రాసుకున్న వీరగాథల్లో వాళ్ళ సంగతి కొద్దిగానే వచ్చింది. కోత ప్రభుత్వాలే పెట్టవు, విప్లవాలూ పెడతాయి. తెలుగులో ఈ ప్రశ్న మీద ఇంతకంటే నిజాయితీగల పుస్తకాన్ని నేను చదవలేదు.

అల్లూరి సీతారామరాజుది దగ్గరి కథే. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు, ఆ ఏడాదే పాడేరు కేంద్రంగా జిల్లాకు ఆయన పేరు వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా మూడు రోజులు దాడి చేసిన మన్యం మనుషులకు స్వరాజ్యం కంటే ముందు పోడు కావాలి. 1882 అటవీ చట్టం వాళ్ళ కొండను వాళ్ళకు కాకుండా చేసింది. కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించారు. ఆ పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర ఎంత ముఖ్యులో, వాళ్ళ పేర్లు అంత తక్కువగా వినిపిస్తాయి. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం, ఏజెన్సీలో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ తిరుగుబాటుకు నిజమైన వారసులు. విల్లు పట్టుకున్న బొమ్మకు దణ్ణం పెట్టే మనిషి 1/70ను సడలించాలని అడగగలడు.

వేమన దగ్గర ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే వేమనను ఎవరూ కావాలని కోయలేదు. పండితులు పట్టించుకోని పద్యాలను సి.పి. బ్రౌన్ వెతికించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. ఆ తర్వాత బడి వచ్చింది. బడికి నీతి కావాలి. మా చిన్నప్పుడు కంఠస్థం చేసిన పద్యాల్లో ఉప్పూ కర్పూరమూ ఉన్నాయి, సాధనా పనులూ ఉన్నాయి, ఓర్పూ దానమూ ఉన్నాయి. రాయికి మొక్కేవాణ్ణి, తద్దినాలు పెట్టేవాణ్ణి, తల గొరిగించుకుని మోక్షం వెతికేవాణ్ణి, పుట్టుకతో పెద్దవాణ్ణనుకునేవాణ్ణి నిలదీసే పద్యాలు పెద్దయ్యాక, పుస్తకాల కొట్లో నిలబడి చదివినప్పుడు తెలిశాయి. అదే గొంతు, అదే ఛందస్సు, అదే మకుటం. ఆ రోజు నాకు కోపం కంటే దుఃఖం ఎక్కువ వచ్చింది. పదేళ్ళ వయసులో ఆ పద్యాలు తెలిసుంటే, పక్క బెంచీ పిల్లవాణ్ణి మధ్యాహ్నం అన్నం దగ్గర దూరంగా ఎందుకు కూర్చోబెట్టారో అడగడానికి నాకు మాట దొరికేది. పోతులూరి వీరబ్రహ్మం విషయంలో కాలజ్ఞానం మిగిలి, దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేర్చుకున్న తెగువ పక్కకు జరిగినట్టే, వేమన విషయంలో సూక్తి మిగిలి ప్రశ్న జారిపోయింది. కులాన్ని తూర్పారబట్టిన కవి పుట్టిన కులం పేరుతోనే హాస్టళ్ళూ సంఘాలూ వెలిశాయి.

అయితే వేమనను పూర్తిగా విప్లవకవిని చేసేవాళ్ళ దగ్గర కూడా కత్తెర ఉంది. ఆడవాళ్ళను తక్కువ చేసే పద్యాలు ఆ పేరు మీద ఉన్నాయి. అచలయోగం, రసవాదం గురించిన పద్యాలున్నాయి. ఏవి ఆయనవో, ఏవి తర్వాత చేరాయో తేల్చడం ఎన్. గోపీ లాంటి పరిశోధకులకే కష్టమైన పని. మిగతావాళ్ళ విషయంలోనూ ఇంతే. హెలెన్ కెల్లర్‌ను సోషలిస్టుగా తిరిగి వెలికితీసినవాళ్ళు, 1915లో తీవ్ర వైకల్యంతో పుట్టిన ఒక పసికందును బతికించకుండా వదిలేసిన డాక్టరును ఆమె సమర్థించిందన్న సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు. అంబేడ్కర్‌ను తమవాడంటున్న వామపక్షీయులు, హింస విషయంలోనూ నియంతృత్వం విషయంలోనూ మార్క్స్ కంటే బుద్ధుడే మేలని ఆయన 1956లో చెప్పిన భాగాన్ని దాటేస్తారు. మొదటి కోత మన శత్రువులు పెట్టారు కాబట్టి రెండో కోత పెట్టే హక్కు మనకుందని అనుకోవడం నాకు ఒప్పుకోలు కాదు.

ఇన్ని చెప్పాక, విగ్రహాలే వద్దందామా అంటే ఊరి చివర పేట దాకా వెళ్ళి చూడాలి. 206 అడుగుల అంబేడ్కర్ ప్రభుత్వానిది. పేట మొదట్లో, చందాలు వేసుకుని, సిమెంటుతో పోసి నీలం రంగు కోటు వేసిన నాలుగడుగుల అంబేడ్కర్ పేటది. ఆ విగ్రహం పెట్టడానికే ఎన్నో ఊళ్ళలో తగాదాలయ్యాయి. చెప్పులు లేకుండా నడవమన్న వీధిలో బూట్లు వేసుకున్న మనిషి నిలబడి వేలు చూపించడం ఉపన్యాసం అక్కర్లేని వాదన. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చబోతున్నారన్నందుకే అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. ఎంత నునుపుచేసినా ఆ పేరులో నిప్పు ఇంకా ఉందని ఆ మంటలు పెట్టినవాళ్ళకు తెలుసు. పేటలో బౌద్ధం తీసుకునే రోజున, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలు ఇప్పటికీ గట్టిగా చదువుతారు. ఏ దేవుళ్ళను పూజించనని అందులో పేరుపేరునా ఉంది. ప్రభుత్వ జయంతి సభల్లో ఆ ప్రతిజ్ఞలు నేనెన్నడూ వినలేదు. ఒకే మనిషికి రెండు జ్ఞాపకాలు, రెండూ ఒకే ఊళ్ళో అరమైలు దూరంలో.

అంబేడ్కర్ మాటను కోయడం ఆయన పోయాక మొదలైంది కాదు. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్ళు, కులాన్ని పోగొట్టాలని సంఘం పెట్టుకున్న మంచివాళ్ళు, తమ వార్షిక సభకు ఆయన్ను అధ్యక్షుడిగా పిలిచారు. ప్రసంగం ముందుగా చదివి భయపడ్డారు. కులం పోవాలంటే దాన్ని నిలబెట్టే శాస్త్రాల పవిత్రతే పోవాలన్న వాదనను తీసేయమన్నారు, హిందూమతం వదిలి వెళ్ళబోతున్నాననే మాటను తీసేయమన్నారు. కామా కూడా మార్చనని ఆయన బదులు రాశారు. సభ రద్దయింది. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేస్తే రెండు నెలల్లో అయిపోయాయి. ‘కులనిర్మూలన’ అనే ఆ పుస్తకంలో ప్రసంగం కంటే ముందు మండల్‌తో తనకు నడిచిన ఉత్తరాలను కూడా ఆయన చేర్చారు. ఏ వాక్యాలు తీసేయమన్నారో, ఎందుకు తీసేయమన్నారో పుస్తకం తెరిచిన ప్రతివాడూ ముందు అవే చదువుతాడు.